సూదంటురాయికి కుంకుడు తొడుగు

ఆళ్లగడ్డ రాతిపొడిలో అయస్కాంతానికి అంటుకునే నల్లటి నలుసునే వెంట్రుక మందంలో ఎనిమిది వేలో వంతుకు కుదించి, నురగలాంటి పొరలో చుట్టి, నరంలోకి ఎక్కిస్తే? అరవై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు ఆ పొర వెనకాలే పడి ఉన్నారు. వాళ్లలో మన సీమ యూనివర్సిటీలో పాలిమర్లు నేర్చుకుని వెళ్లినాయన కూడా ఉన్నాడు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్ల దగ్గర బండి ఆపితే ముందు పలకరించేది గ్రైండర్ మోత. ఆ తర్వాత దుమ్ము. సగం చెక్కిన ఆంజనేయుడు, ఇంకా తొండం తేలని వినాయకుడు, ఏ ఊరి కూడలికో వెళ్లాల్సిన ఓ నాయకుడి బస్టు, అందరి భుజాల మీదా ఒకటే బూడిద రంగు. నా జేబులో పాత స్పీకరు నుంచి ఊడబెరికిన అయస్కాంతం ఉంది. దాన్ని ఓ పాలిథిన్ కవర్లో పెట్టి, నల్లరాయి చెక్కుతున్నచోట పొడిలో అటూ ఇటూ ఈడ్చాను. పైకి తీస్తే కవరు అడుగున నల్లటి గడ్డం మొలిచింది.

“అది ఉలిపొట్టు సార్,” అన్నాడు పక్కనే బీడీ ఆర్పుతున్న పెద్దాచారి. “ఉలి అరిగితే దాని ఇనుము యాడికి పోతాది? ఈడ్నే ఉంటాది.”

నిజమే. కానీ మొత్తం ఉలిది కాదు. అదే అయస్కాంతాన్ని దారానికి కట్టి, ఇంకా ఉలి తగలని నల్లరాతి దిమ్మె పక్కన వేలాడదీస్తే కాస్త ఒరిగింది, దిమ్మె తనవైపు లాక్కుంటున్నట్టు. చాలా నల్లరాళ్లలో మాగ్నెటైట్ అనే ఖనిజం నలుసులు నలుసులుగా కలిసి ఉంటుంది. అది ఇనుమూ ఆక్సిజనూ కలిసిన నల్లటి పదార్థం. మన పెద్దలు దానికి ఎంతో చక్కటి పేరు పెట్టారు, సూదంటురాయి. సూది వచ్చి అంటుకునే రాయి.

పెద్దాచారి ఇంకో ముచ్చట చూపించాడు. మొనపోయిన ఉలిని కొలిమిలో పెట్టి, ఎర్రగా కాలాక పట్టకారుతో తీసి, “ఇప్పుడు మీ అయస్కాంతం పెట్టండి సార్” అన్నాడు. కాస్త దూరం నుంచే పెట్టి చూశాను. లాగలేదు. ఎర్రదనం తగ్గి కమిలిన రంగుకు వచ్చేసరికి ఠక్కున లాగింది. ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతాన్ని పట్టించుకోదు. పియరీ క్యూరీ పేరు మీద దీన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారని కాలేజీలో చదివాను. కళ్లతో చూసింది మాత్రం ఆ రోజే. ఇనుములో అయస్కాంతత్వాన్ని చెదరగొట్టేది వేడే అన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

సెలైన్ సీసాలో తుప్పు రంగు

ఆళ్లగడ్డ నుంచి అదే హైవే మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు వస్తే నంద్యాల. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం. ఇక్కడే కాదు, రాష్ట్రంలో ఏ ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డుకు వెళ్లినా ఒక దృశ్యం కనబడుతుంది. నెలలు నిండుతున్న ఆడబిడ్డ మంచం మీద కూర్చుని ఉంటుంది. పైన వేలాడే సెలైన్ సీసాలో నీళ్లు తెల్లగా ఉండవు, పలచటి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. “రక్తం తక్కువుందని ఐరన్ ఎక్కిస్తాండారు” అని పక్కనున్న తల్లి చెబుతుంది.

ఆ సీసాలో ఉన్నది ఐరన్ సుక్రోజ్. ఇనుప హైడ్రాక్సైడు గుజ్జు నానోమీటర్ల పరిమాణంలో ముద్ద కట్టి ఉంటే, దాని చుట్టూ చక్కెర అణువులు పొరలా అల్లుకుని ఉంటాయి. పొర ఎందుకంటే, ఒట్టి ఇనుప లవణాన్ని నేరుగా నెత్తురులోకి వదిలితే అది ఊరుకోదు. పెరాక్సైడుతో కలిసి కణాలను కాల్చే చిచ్చు పుట్టిస్తుంది. హెన్రీ ఫెంటన్ అనే రసాయనవేత్త 1894లోనే ఈ చర్యను రాసిపెట్టాడు. చక్కెర తొడుగు ఇనుమును ఒక్కసారిగా బయటపడనివ్వకుండా, శరీరానికి కావలసినప్పుడు కొంచెం కొంచెం విడుస్తుంది.

అంటే నానోకణం, తొడుగు, నరంలోకి ఎక్కించడం లాంటి మాటలు మనకు దూరదేశపు వింతలేమీ కావు. మన ఆడబిడ్డల చేతి నరంలో ఏళ్లుగా పారుతూనే ఉన్నాయి. ఈ ఇనుము మాత్రం అయస్కాంతం పిలిస్తే పలకదు. పలికేదాన్ని తయారు చేసి, పలికినచోటికి మందును కూడా మోయించాలన్నదే ఈ కథ.

వర్గాలు లేని ఇనుము

పెద్ద ఇనుప ముక్కలో పరమాణువులన్నీ ఒక్కతాటి మీద ఉండవు. వర్గాలుగా విడిపోయి, ఒక్కో వర్గం ఒక్కో దిక్కుకు మొగ్గి ఉంటుంది. (సీమవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.) మాగ్నెటైట్‌ను 10 నానోమీటర్లకు కుదిస్తే రెండో వర్గానికి చోటే ఉండదు. మొత్తం కణం ఒకే మాట మీద ఉంటుంది. అయితే కణం మరీ చిన్నది కాబట్టి గది వేడికే దాని దిక్కు క్షణంలో కోట్లసార్లు తారుమారవుతుంది. కొలిమిలో ఉలికి జరిగిందే ఇక్కడ మామూలు ఎండకే జరుగుతోందనుకోండి. రెండింటి లోపలి కారణం ఒకటి కాదు గానీ చెదరగొట్టేది వేడే.

ఫలితం భలే పనికొచ్చేది. బయట అయస్కాంతం పెడితే కణాలన్నీ ఒక్కసారి అటు మొగ్గుతాయి. తీసేస్తే అన్నీ మరిచిపోతాయి. ఫ్రాన్స్‌లో లూయీ నీల్ 1949లో దీని లెక్కలు తేల్చాడు, 1970లో నోబెల్ అందుకున్నాడు. మరపు లేని అయస్కాంతాలను నరంలోకి పంపితే ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులై, గడ్డలై, ఎక్కడో సన్నటి రక్తనాళానికి అడ్డం పడతాయి. మరిచిపోగలగడమే ఈ కణాల సుగుణం.

తయారు చేయడమూ కష్టం కాదు. ఎమ్మెస్సీ ల్యాబులో చేసేస్తారు. రెండు పాళ్లు ఫెర్రిక్ క్లోరైడు, ఒక పాలు ఫెర్రస్ క్లోరైడు నీళ్లలో కలిపితే తుప్పు నీళ్లలా ఉంటుంది. గాలి తగలకుండా నైట్రోజన్ బుడగలు పంపుతూ అందులో అమోనియా పోస్తే కళ్లముందే, రెప్పపాటులో, కాటుకలా నల్లబడుతుంది. బీకరు కింద అయస్కాంతం పెడితే నలుపంతా అడుక్కు దిగుతుంది, పైనీళ్లు గంజి వార్చినట్టు వంచేయడమే. రెనే మస్సార్ 1981లో ప్రచురించిన పద్ధతికి ఇది వంటింటి రూపం.

చిక్కంతా ఆ తర్వాతే. ఆ నల్లటి పొడిని అలాగే వదిలేస్తే గడ్డలు కడుతుంది. నెత్తుటిలో పడితే రక్తంలోని ప్రోటీన్లు మీదపడి, ‘ఇది పరాయిది’ అని ముద్ర వేస్తాయి. కాలేయంలో కాపలా ఉండే కణాలు నిమిషాల్లో మింగేస్తాయి. ఇనుము సిద్ధం, మందు సిద్ధం, తొడుగేది?

ఇంటా కాదు, బయటా కాదు

ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం. ఉగ్రస్తంభం చూడటానికి కొండెక్కేవాళ్లకు హిరణ్యకశిపుడి వరం కథ చెప్పక్కర్లేదు. ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. మనిషి కాదు, మృగం కాదు. నరసింహుడు ఆ వరాన్ని దాటింది గడప మీద కూర్చునే.

రసాయనశాస్త్రంలో ఈ గడప మీద కూర్చునే జాతి ఒకటుంది. అణువులో ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, ఇంకో కొసకు నీళ్లంటే గిట్టదు, నూనె కావాలి. తలంటి రోజున కుంకుడుకాయలు కొట్టి వేణ్నీళ్లలో పిసికితే నురగ వచ్చేది అలాంటి అణువుల వల్లే, వాటిని సపోనిన్లు అంటారు. నీళ్లలో అవి తగినన్ని పోగైతే గుండ్రంగా గుంపు కడతాయి. నూనె కొసలన్నీ లోపలికి, నీటి కొసలన్నీ బయటికి. ఆ గుంపు పేరే మిసెల్. తలకు పెట్టిన ఆముదం జిడ్డు ఆ లోపలి గదిలో దాక్కుని నీళ్లతోపాటు కొట్టుకుపోతుంది. అమ్మ చేతి కింద కళ్లు మండి ఏడ్చిన ప్రతి పిల్లాడి నెత్తి మీదా జరిగిన ప్రయోగమే ఇది.

ఆ లోపలి గదిలో జిడ్డుకు బదులు ఇనుప కణాలను పెట్టాలి. అందుకు ముందు ఇనుముకు జిడ్డు లక్షణం రావాలి. ఒలీయిక్ ఆమ్లం పూస్తారు. మన వేరుశనగ నూనెలో సగానికి అటూ ఇటూగా ఉండే కొవ్వు ఆమ్లం అదే. దాని ఆమ్లపు తల ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, తోక బయటికి చాపుతుంది. ఇప్పుడు ఆ కణం నీళ్లలో కలవనంటుంది.

దాన్నీ పాలిమర్‌నూ కలిపి టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావకంలో కరిగిస్తారు. ఈ పాలిమర్ కూడా గడప మనిషే. ఒక ముక్క పాలిఇథిలీన్ గ్లైకాల్, నీటిని ప్రేమించేది. ఇంకో ముక్క పాలికాప్రోలాక్టోన్ లాంటిది, నీళ్లంటే పడనిది. ఆ ద్రావణాన్ని నీళ్లలోకి చుక్క చుక్కగా విడుస్తుంటే, కింద సోనికేటర్ అనే ధ్వనితరంగాల యంత్రం కీచుమంటూ కుదుపుతూ ఉంటుంది. నీళ్లు చుట్టుముట్టేసరికి నూనె తోకలన్నీ కంగారుగా ఒకచోట చేరతాయి. ఒకటి కాదు, పదులు, వందలు ఇనుప కణాలు ఒకే ఉండలో. పైన పాలిమర్ నీటి ముక్కలు వెంట్రుకల్లా నిలబడతాయి. ద్రావకం ఆవిరైపోతుంది, మిగిలింది డయాలిసిస్ సంచిలో పోసి రాత్రంతా నీళ్లలో వేలాడదీస్తే బయటికి పోతుంది. పొద్దున చూస్తే సీసాలో పారదర్శకంగా, గోధుమ రంగులో, ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌కు నీళ్లు కలిపినట్టుండే ద్రవం. అడుగున మడ్డి ఉందా, ఆ రోజు పని వృథా. మడ్డి లేదా, పేపరు రాయొచ్చు.

పూర్ణం బూరెతో పోల్చాలనిపించింది గానీ సరిపోదు. బూరె తోపు ఒకసారి నూనెలో వేగిందంటే అంతే. మిసెల్ గోడ మాత్రం ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. అణువులు వస్తుంటాయి, పోతుంటాయి. అందుకే కుంకుడు రసంతో పని జరగదు. చెంబెడు రసాన్ని బావిలో పోస్తే నురగ రాదు, గుంపు చెదిరిపోతుంది. సూదితో ఎక్కించిన మిసెల్‌కూ అదే గండం, అది పడేది ఐదు లీటర్ల నెత్తుటిలో. పాలిమర్ మిసెళ్లు చాలా పలచన చేసినా చెదరవు, పొడుగాటి గొలుసులు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి కాబట్టి. సబ్బుకు బదులు పాలిమర్ ఎందుకు అనే ప్రశ్నకు ఇదే జవాబు.

కొలతలూ నియమంగా ఉండాలి. సుమారు 6 నానోమీటర్ల కన్నా చిన్నదైతే మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపేస్తాయి. 200 దాటితే ప్లీహం, కాలేయం పట్టేస్తాయి. ఆ నడిమి సందులోనే ఇమడాలి.

అనంతపురం నుంచి బయల్దేరిన తొడుగు

ఇక మన మనిషి సంగతి. యల్లపు మురళీమోహన్. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కె.మోహనరాజు పాలిమర్ల బృందంలో పనిచేశారు. 2005 ప్రాంతంలో ఆ బృందం ప్రచురించిన పరిశోధనా పత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజెళ్ల మీద, అంటే తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చి పట్టి ఉంచే పాలిమర్ల మీద. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకచోట కూర్చుని, నీళ్లు దాచుకునే పదార్థం మీద పని. కావాలని ఎంచుకున్నారో లేదో గానీ నాకైతే ఎక్కడో పొంతన కుదిరినట్టే అనిపిస్తుంది.

అక్కడి నుంచి దక్షిణ కొరియా, తర్వాత అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్, శాన్‌ఫర్డ్ రీసెర్చ్, మెంఫిస్, ఇప్పుడు టెక్సస్. నీళ్లు పీల్చే పాలిమర్ నుంచి ఇనుమును కప్పే పాలిమర్‌కు మారారు. 2011లో ‘బయోమెటీరియల్స్’ పత్రికలో ఆయనా సహచరులూ ఒక తొడుగును వివరించారు. మాగ్నెటైట్ కణానికి ముందు బీటా సైక్లోడెక్స్‌ట్రిన్. ఇది పిండిపదార్థం నుంచి తీసిన, గాజులాగా గుండ్రటి చక్కెర, నడుమ బోలు. దాని మీద ఎఫ్127 అనే పాలిమర్. ఇది మిసెళ్లు కట్టే జాతిదే, రెండు కొసలూ నీటి ముక్కలు, నడుమ నూనె ముక్క. ఖచ్చితంగా చెప్పాలంటే వాళ్లు చేసింది డికాక్షన్ సీసాలోని మిసెల్ కాదు, మిసెల్ కట్టే పాలిమర్‌తో వేసిన రెండు పొరల తొడుగు. అయినా సూత్రం ఒకటే. ఒట్టి కణాలకన్నా, ఒక్క పొర వేసినవాటికన్నా ఈ రెండు పొరలవి ఎమ్మారైలో బాగా కనబడ్డాయి, అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రంలో బాగా వేడెక్కాయి.

ఆ పొరల మధ్య వాళ్లు దాచిన మందేమిటో తెలుసా? పసుపు. కాస్త శాస్త్రంగా అంటే కర్క్యుమిన్. 2012లో ఇదే సరుకును రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరీక్షించి మరో పత్రం రాశారు.

ఆళ్లగడ్డ నుంచి దక్షిణంగా అదే రోడ్డు పట్టుకుని పోతే మైదుకూరు వస్తుంది. పసుపు రకాల్లో ఒకదానికి ఆ ఊరి పేరే ఉంది. పసుపు పండించేవాళ్లకు, వండేవాళ్లకు దాని మొండితనం తెలుసు. చల్లనీళ్లలో వేస్తే కలవదు, అడుక్కు దిగుతుంది. పోపు నూనెలో వేస్తే క్షణంలో రంగు విడుస్తుంది. వేడిపాలలో వేసినా కలిసిపోతుంది. పాలు తెల్లగా ఉండటానికి ఒక కారణం కేసీన్ అనే ప్రోటీన్ ఉండలు, వాటినీ మిసెళ్లనే అంటారు. కర్క్యుమిన్ వెళ్లి ఆ ఉండల్లోని నీళ్లంటే పడని చోట్లు వెతుక్కుని కూర్చుంటుంది. గువాహటి ఐఐటీవాళ్లు 2008లో దీన్ని కొలిచి చూపించారు కూడా. జలుబు చేసినప్పుడు అవ్వ గ్లాసులో పోసి ఇచ్చిన పసుపు పాలు ఒక రకంగా మిసెల్‌లో చుట్టిన మందే. అవ్వ పేపరు రాయలేదు, అంతే తేడా.

ఇక్కడ ఒక మాట అడ్డం చెప్పాలి. పసుపు గొప్పదనం గురించి వాట్సాప్‌లో తిరిగేదంతా నమ్మకండి. కర్క్యుమిన్ మీద జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తల పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, మనుషుల మీద కట్టుదిట్టంగా చేసిన పరీక్షల్లో అది నెగ్గిన దాఖలా లేదని కుండబద్దలు కొట్టింది. శరీరంలో నిలవదు, త్వరగా విరిగిపోతుంది. తొడుగు కావాల్సి వచ్చిందే అందుకు. మా బంధువు ఒకాయన కీళ్లనొప్పులకు ‘నానో పసుపు’ సీసా ఒకటి వేలు పోసి కొన్నాడు. అమ్మినవాళ్లెవరో చెప్పను. మూడు నెలలకు నాలుక పచ్చబడింది, మోకాలు మోకాలుగానే ఉంది. సీసా మీద ‘నానో’ అని రాయడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. నరంలోకి ఎక్కించడానికి మాత్రం కావాలి.

చీకటి, వేడి, మోత

ఎమ్మారై యంత్రంలో పడుకున్నవాళ్లకు ఆ దబదబ మోత గుర్తే ఉంటుంది. లోపల అయస్కాంతం సాధారణంగా 1.5 టెస్లా, భూమి అయస్కాంత బలానికి ముప్పై వేల రెట్లకు పైమాటే. ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు దాని తాళానికి తిరుగుతుంటే, ఆ సవ్వడిని విని యంత్రం బొమ్మ గీస్తుంది. దగ్గర్లో మాగ్నెటైట్ కణం ఉంటే తాళం తప్పుతుంది, బొమ్మలో ఆ చోటు నల్లబడుతుంది. ఒక్కో కణం విడిగా ఉండేకన్నా మిసెల్‌లో గుంపుగా ఉంటే ఈ నలుపు అనేక రెట్లు పెరుగుతుందని 2005లో జిన్‌మింగ్ గావ్ బృందం చూపించింది. మరుసటి ఏడు అదే మిసెల్‌లో డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు కూడా పెట్టి, బయట గురిచూసే కొక్కేలు తగిలించారు. చూసేదీ మోసేదీ ఒకటే పొట్లం.

మిసెల్ లేకుండానే అంతకుముందు మార్కెట్లోకి వచ్చిన మందు ఫెరిడెక్స్. 1996లో అమెరికా అనుమతిచ్చింది. దాని తెలివి నాకు భలే నచ్చుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం ఇనుప కణాలను మింగి స్కాన్‌లో నల్లబడుతుంది. కణితిలో మింగే కాపలా కణాలు ఉండవు కాబట్టి అది తెల్లగానే మిగిలి పట్టుబడుతుంది. తినని దొంగ దొరికిపోవడమన్నమాట. కానీ గిరాకీ లేక 2008లో తయారీ ఆపేశారు.

రెండో పని వేడి. క్షేత్రాన్ని సెకనుకు లక్షసార్లు అటూ ఇటూ తిప్పితే కణాలు వేడెక్కుతాయి. కణితి 42 నుంచి 45 డిగ్రీల దాకా కాగితే దానిలోని కణాలు తట్టుకోలేవు. మే నెలలో నంద్యాల బస్టాండులో నిలబడ్డవాళ్లకు ఈ అంకెలు పరిచయమే. తేడా ఏమిటంటే ఎండ ఎంత కాసినా మన ఒళ్లు చెమట పట్టి లోపల 37 దగ్గరే నిలబెట్టుకుంటుంది. ఇక్కడ కాగేది లోపలే. అమెరికా సర్జన్ గిల్‌క్రిస్ట్ 1957లో కుక్కల శోషరస గ్రంథుల్లో ఈ పని చేసి చూశాడు. మనుషుల దాకా రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. బెర్లిన్ కంపెనీ మాగ్‌ఫోర్స్‌కు మెదడు కణితుల కోసం 2010లో యూరప్ అనుమతి దొరికింది. ఆ కంపెనీ 2022లో దివాలా తీసింది. మందు పనిచేయడం ఒకటి, కంపెనీ నిలబడటం ఇంకొకటి.

మూడోది మందును ఈడ్చుకెళ్లడం. 1996లో బెర్లిన్‌లోనే 14 మంది రోగుల మీద తొలిసారి చేశారు. అయస్కాంతం బలం దూరం పెరిగేకొద్దీ దబ్బున పడిపోతుంది. స్పీకరు ముక్కను రాతిపొడికి రెండు అంగుళాలు ఎత్తి పట్టుకుంటే గడ్డం మొలవదు, అంతే సూత్రం. చర్మానికి దగ్గర్లో ఉన్న కణితికి ఈ పద్ధతి కుదురుతుందేమో గానీ పొట్ట లోతుల్లో ఉన్నదానికి కష్టం. పైగా ఎదురుగా నెత్తుటి ప్రవాహం.

నరంలోకి కాకుండా సీసాలోనే పనిచేసే అయస్కాంత కణాలు మాత్రం ఎప్పుడో మన ఊళ్లకొచ్చాయి. థైరాయిడ్ పరీక్షకు ఇచ్చిన రక్తంలో హార్మోనును పట్టి పక్కకు లాగేది చాలా యంత్రాల్లో అయస్కాంత పూసలే. 2020లో కరోనా పరీక్షల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏను వేరుచేసింది కూడా చాలాచోట్ల అవే. మనకు చెప్పినవాళ్లు లేరంతే.

వందకు ఒకటి కూడా కాదు

ఇనుము లేకుండా ఒట్టి మందును మోసే మిసెళ్లు ఆసుపత్రులకు చేరాయి. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందును పాలిమర్ మిసెల్‌లో పెట్టి కొరియావాళ్లు 2007లో జెనెక్సాల్ పీఎం తెచ్చారు. దాదాపు అదే కాలంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అమరనాథ్ మైత్రా చేసిన పని ఆధారంగా డాబర్ ఫార్మా మన దేశంలో నానోక్సెల్ విడుదల చేసింది. ఇనుమూ మందూ కలిసిన మిసెల్ మాత్రం ఇప్పటికీ ఎలుకల దగ్గరే ఆగి ఉంది.

ఎందుకని? టొరంటోలో వారెన్ చాన్ బృందం పదేళ్లలో వచ్చిన 117 పరిశోధనా పత్రాలు ముందేసుకుని లెక్కగట్టి 2016లో ఒక అంకె చెప్పింది. ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరేది మధ్యగతం లెక్కన 0.7 శాతం. వంద పంపితే ఒకటి కూడా కాదు. ఆ రంగంలో అదో బాంబు. గొడవపడ్డవాళ్లున్నారు, లెక్క వేరేగా కట్టాలన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ అంకె చెప్పినవాళ్ల మీద గౌరవమే. కణితి రక్తనాళాలకు చిల్లులుంటాయి, చిన్న పొట్లాలు వాటంతటవే అందులోకి కారతాయని జపాన్‌లో మత్సుమురా, మయెదా 1986లో చెప్పింది ఎలుకల్లో బాగానే కనబడింది. మనిషి కణితి అంత ఉదారంగా తలుపులు తెరిచి పెట్టదు.

అయస్కాంతానికి పలికే ఇనుప నానోకణాన్ని నరంలోకి ఎక్కించి నిలదొక్కుకున్న మందు ఒకటుంది, ఫెరుమోక్సిటాల్. మాగ్నెటైట్ జాతి కణానికి మార్పుచేసిన చక్కెర పాలిమర్ తొడుగు, ఒక మోతాదులో 510 మిల్లీగ్రాముల ఇనుము. 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది. దేనికో తెలుసా? క్యాన్సర్‌కు కాదు, కిడ్నీ రోగుల రక్తహీనతకు. అంటే నంద్యాల వార్డులో వేలాడే ఆ గోధుమరంగు సీసాకు దగ్గరి చుట్టమే. కొందరికి ప్రాణాంతకమైన అలర్జీ వస్తుందని 2015లో దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక కూడా వేయించారు. తొడుగు ఎంత బాగున్నా శరీరం తన అనుమానం తాను పడుతుంది.

మరి గురి తప్పిన ఆ 99 శాతం పైచిలుకు ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం కాలేయానికి, ప్లీహానికి. అక్కడి కాపలా కణాలు మిసెల్‌ను మింగి, లోపలి పుల్లటి సంచిలో వేస్తాయి. పాలిమర్ ఊడుతుంది, మాగ్నెటైట్ వారాల తరబడి నెమ్మదిగా కరుగుతుంది. నలుపు పోతుంది, అయస్కాంతాన్ని గుర్తుపట్టడం పోతుంది, ఒట్టి ఇనుము మిగులుతుంది. దాన్ని శరీరం పారేయదు. ఫెరిటిన్ అని ఒక ప్రోటీన్ ఉంది. 24 ముక్కలు కలిసి కట్టిన గుండ్రటి బోలు డబ్బా, వెడల్పు 12 నానోమీటర్లు. ఒక్కో డబ్బాలో నాలుగు వేలకు పైగా ఇనుప పరమాణువులు తుప్పులాంటి గుజ్జుగా పట్టగలవు. ల్యాబువాళ్లు సోనికేటర్ పెట్టి, రాత్రంతా డయాలిసిస్ చేసి కట్టిన పొట్లాన్ని కాలేయం విప్పి, ఆ ఇనుమునే మళ్లీ తన పొట్లంలో కట్టుకుంటుంది. ఎముక మజ్జ అడిగిన రోజున అందులోంచి తీసి ఇస్తుంది, ఎర్రరక్తకణం కోసం.